లెక్కలు రానోళ్లకి ఇంజినీరింగ్ వద్దా? సీటు గురించి కాదు, మొదటి ఏడాది గురించి మాట్లాడుకుందాం



ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా మన ఊళ్లలో ఒకటే ప్రశ్న తిరుగుతుంది. "మావోడికి లెక్కలు అంతంతమాత్రం. ఫిజిక్స్ అయితే చెప్పక్కర్లేదు. బీటెక్‌లో జేర్చొచ్చా బాబూ?" రావివలస, టెక్కలి చుట్టుపక్కల పేటల్లోనూ, నందిగాం, మెళియాపుట్టి, మందస కొండ అంచు గూడేల్లోనూ ఈ ప్రశ్న అడగని ఇల్లు ఉండదు. నేను లెక్కలతో డిగ్రీ చేసినవాణ్ణి. సెలవుల్లో మా పేట పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. అందుకని ఈ ప్రశ్న నా దగ్గరికి కాస్త ఎక్కువగానే వస్తుంది. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకసారి ఇక్కడ రాస్తున్నాను. ఏకీభవించకపోతే కింద రాయండి, మాట్లాడుకుందాం.

ఈ ప్రశ్నకి మన దగ్గర రెండు జవాబులు రెడీగా ఉంటాయి. మొదటిది బడిలోనూ బంధువుల్లోనూ వినిపించేది: "లెక్కలు రావు కదా, ఇంజినీరింగ్ నీకెందుకు? ఏదో డిగ్రీలో చేరు, డీఎస్సీకి కట్టుకో." రెండోది కాలేజీల తరఫున ఊళ్లు తిరిగే పీఆర్వోలు చెప్పేది: "ఎస్టీ కదా, ర్యాంకు ఎంతైనా పర్లేదు. ఫీజు గవర్నమెంటు కడుతుంది. సర్టిఫికెట్లు ఇవ్వండి చాలు." మొదటి జవాబు పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. రెండోది లోపలికి తోసి తలుపేసుకుంటుంది. రెండింటిలోనూ పిల్లవాడికి ఏమొచ్చు, ఏం రాదు, రానిది నేర్చుకోడానికి ఎంతకాలం పడుతుంది అన్న విచారణ లేదు.

సీటు ఎందుకు తేలిక

ముందు లెక్క తేల్చుకుందాం. ఈఏపీసెట్ 160 మార్కుల పరీక్ష. అందులో లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు. మిగతావాళ్లకి 25 శాతం, అంటే 40 మార్కులు వస్తేనే ర్యాంకు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి ఆ కనీస మార్కుల నిబంధన లేదు. ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో రిజర్వేషన్ లేనివాళ్లకి 45 శాతం కావాలి, మనకి 40 శాతం చాలు. సీట్లలో ఎస్టీలకి 6 శాతం రిజర్వేషన్. ఇవన్నీ మన ముందుతరం కొట్లాడి తెచ్చుకున్న హక్కులు, ఎవరూ దానంగా ఇచ్చినవి కావు. వీటిని వాడుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

కానీ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఈ వెసులుబాట్లన్నీ గేటు దగ్గరే. గేటు దాటాక పరీక్ష పేపరు అందరికీ ఒకటే. జేఎన్‌టీయూ పద్ధతిలో సెమిస్టర్ చివరి పరీక్షలో 70కి 25 రావాలి, ఇంటర్నల్స్‌తో కలిపి 100కి 40 రావాలి. హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి మినహాయింపు అడగాలి, 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టరే పోయినట్టు. ఇక్కడ కులం కాలమ్ ఉండదు.

మరి మొదటి ఏడాదిలో ఏం చెప్తారు? మన రాష్ట్రంలో 2023 నుంచి నడుస్తున్న సిలబస్ చూడండి. మొదటి సెమిస్టర్‌లో లీనియర్ ఆల్జీబ్రా, కాల్‌క్యులస్. రెండో సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వెక్టర్ కాల్‌క్యులస్. వీటితోపాటు ఇంజినీరింగ్ ఫిజిక్స్. పాఠం చెప్పే సార్ ఇంటర్‌లో మాత్రికలు, అవధులు, అవకలనం, సమాకలనం మీకు వచ్చేశాయనుకుని మొదలుపెడతాడు. ఆయన తప్పు కాదు, సిలబస్ అలా కట్టారు. అక్కడే మనోళ్లు జారిపోతారు.

జారడం ఎలా ఉంటుందో కూడా చెప్తాను. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయనుకోండి. రెండో సెమిస్టర్‌లో కొత్త సబ్జెక్టులతోపాటు ఆ రెండూ మళ్లీ చదవాలి. వెక్టర్ కాల్‌క్యులస్ అర్థం కావాలంటే మొదటి సెమిస్టర్ కాల్‌క్యులస్ రావాలి, అదే పోయింది. కాబట్టి అదీ పోతుంది. రెండో ఏడాదికి నాలుగు, మూడో ఏడాదికి ఏడు. క్రెడిట్లు చాలక ఏడాది ఆపేస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి తేలదు. ఇంటికి ఫోన్ చేయడం తగ్గిపోతుంది. ఆఖరికి ఏ హైదరాబాద్ సైట్‌లోనో, చెన్నై కంపెనీలోనో కూలికి కుదురుతాడు. మన పేటల్లో ఇలాంటివాళ్ల పేర్లు మీకే తెలుసు, నేను రాయక్కర్లేదు. "వాడు సరిగ్గా చదవలేదు" అని ఊరు అనేస్తుంది. వాడికి రాని సంగతి ఏదో, అది ఎప్పుడు ఎవరు నేర్పాల్సిందో ఎవరూ అడగరు.

"రాదు" అంటే ఏటి?

లెక్కలు రావు అనే మాటలో కనీసం నాలుగు రకాల పిల్లలున్నారు. నాలుగింటికీ ఒకే మందు పనిచేయదు.

ఒకటి, చెప్పేవాళ్లు లేక రానివాళ్లు. ఆశ్రమ పాఠశాలలో ఏడాదిలో సగం రోజులు లెక్కల టీచర్ పోస్టు ఖాళీ. వచ్చినాయన కాంట్రాక్టు, వేరే ఉద్యోగం దొరగ్గానే వెళ్లిపోయాడు. ఈ పిల్లలకి లెక్కలు రావు అనడం కన్నా, లెక్కలు ఇంకా వీళ్ల దాకా రాలేదు అనడం న్యాయం.

రెండు, భాష దగ్గర ఆగిపోయినవాళ్లు. ఇంట్లో సవర, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లిష్. తెలుగు మీడియంలో "ద్రవ్యవేగం" చక్కగా చదివిన పిల్ల "మొమెంటం" అనగానే బిక్కమొహం వేస్తుంది. "త్వరణం" తెలుసు, "యాక్సిలరేషన్" తెలియదు. "మాత్రికలు" చేస్తుంది, "మ్యాట్రిసెస్" అంటే కొత్త పాఠం అనుకుంటుంది. ఈ పిల్లకి లెక్కలు వచ్చు. కావాల్సింది నోటుబుక్కులో ఒక వందా రెండొందల పదాల పట్టిక, ఒక నెల అలవాటు.

మూడు, బట్టీతో గట్టెక్కినవాళ్లు. ఇంటర్‌లో మార్కులు బాగానే ఉంటాయి. "తప్పకుండా వచ్చే ప్రశ్నలు" వల్లించి రాశారు. ఒక్క అంకె మార్చి ఇస్తే చేయలేరు. అందరికన్నా ఎక్కువ ప్రమాదం వీళ్లకే, ఎందుకంటే మార్కుల లిస్టు చూసి ఇంట్లో అందరూ ధీమాగా ఉంటారు.

నాలుగు, నిజంగానే ఇష్టం లేనివాళ్లు. వాళ్లకి మొక్కల మీదో, రోగుల సేవ మీదో, మాట మీదో, ఆట మీదో మనసు. వీళ్లని అన్నయ్య చేరాడనీ, పక్కింటి కుర్రాడు చేరాడనీ ఇంజినీరింగ్‌లో వేయకండి. అది శిక్ష.

మన బుర్రలకి లెక్కలు ఎక్కవు అనే మాట మాత్రం నా ముందు ఎవరూ అనకండి. సవర భాషలో అంకెలు ఎలా ఉంటాయో పెద్దోళ్లని అడగండి. పన్నెండు వరకు ఒక కట్ట. 13 అంటే పన్నెండు మీద ఒకటి, 19 అంటే పన్నెండు మీద ఏడు. ఇరవై దగ్గర ఇంకో కట్ట. 32 అంటే ఇరవై మీద పన్నెండు. పదితో లెక్కించడం ఒక్కటే దారి కాదనీ, వేరే మూలాలతోనూ లెక్కించొచ్చనీ కంప్యూటర్ సైన్స్ పిల్లలకి కాలేజీలో ప్రత్యేకంగా పాఠం చెప్తారు. మన అవ్వకి అది నోటిమీద ఉంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే పుస్తకాలు తయారుచేశారని అందరం గొప్పగా చెప్పుకుంటాం. ఆ పుస్తకాల తరవాత సవరలో లెక్కల పాఠం ఎంత దూరం నడిచింది అని మాత్రం అడగం.

పదిహేను రోజుల పరీక్ష

మీ పిల్లవాడు ఈ నాలుగింట్లో ఏ రకమో ఎలా తెలుస్తుంది? మార్కుల లిస్టు చెప్పదు. నేను మా పేటలో చేయించేది ఇది.

పదో తరగతి లెక్కల పుస్తకం, ఫిజిక్స్ పుస్తకం తీయండి. ఇంటర్‌వి కాదు, పదోవి. రోజూ సాయంత్రం రెండు గంటలు, పదిహేను రోజులు. లెక్కల్లో వర్గ సమీకరణాలు, సరూప త్రిభుజాలు, త్రికోణమితి. ఫిజిక్స్‌లో ఓమ్ నియమం, కాంతి వక్రీభవనం. ఉదాహరణ చదివి, పుస్తకం మూసి, మళ్లీ చేయాలి. తరవాత అంకెలు మార్చి చేయాలి. ఇంట్లో సాయం చేసేవాళ్లు ఉంటే చేయొచ్చు, జవాబు మాత్రం చెప్పకూడదు.

మొదటి రోజు ఎన్ని వచ్చాయన్నది వదిలేయండి. మొదటి రోజుకీ పదిహేనో రోజుకీ తేడా చూడండి. మొదట రెండు చేసినవాడు ఆఖరికి పది చేస్తుంటే వాడు మొదటి రకం. వాడికి ఇంజినీరింగ్ గురించి ధైర్యంగా ఆలోచించొచ్చు. మాటలు తెలిశాక లెక్క గడగడా వచ్చేస్తే రెండో రకం. అంకె మార్చగానే ఆగిపోయి, పదిహేను రోజులైనా అక్కడే ఉంటే మూడో రకం, ఇంకొంత కాలం కావాలి. మూడో రోజుకే పుస్తకం ఎక్కడో పెట్టేసి మరిచిపోతే, వాణ్ణి తిట్టకుండా నీకేం ఇష్టం రా అని అడగండి.

బ్రాంచి గురించి కూడా. "సీఎస్ఈకి లెక్కలు అక్కర్లేదు, కంప్యూటర్ నొక్కడమే" అని చెప్పేవాళ్లని నమ్మకండి. ఫిజిక్స్ భారం తక్కువ, నిజమే. కానీ రెండో ఏడాదిలో డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, గ్రాఫ్ థియరీ, ప్రాబబిలిటీ ఉంటాయి. ఈసీఈలో సిగ్నల్స్ అనే సబ్జెక్టు మొత్తం లెక్కలే. ఈఈఈలో సర్క్యూట్లకి సంకీర్ణ సంఖ్యలు కావాలి. సివిల్‌లో బలాలు, వంపులు, నీటి ప్రవాహం, అంతా ఫిజిక్స్. కాల్‌క్యులస్ భయపెడుతున్నా తర్కం బాగా ఆడే పిల్లకి సీఎస్ఈ నయం. కంటితో చూసి చేత్తో చేసి నేర్చుకునేవాడికి సివిల్, మెకానికల్ నయం. లెక్కలు లేని బ్రాంచి అనేది లేదు.

నిబంధన సడలిస్తే పాఠం వచ్చేస్తుందా?

ఇది మన ఒక్కరి గొడవ కాదు, దేశమంతా జరిగిన చర్చ. 2021 మార్చిలో ఏఐసీటీఈ తన నిబంధనల పుస్తకంలో ఒక మార్పు తెచ్చింది. ఇంజినీరింగ్‌లో చేరడానికి ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, లెక్కలు తప్పనిసరి కాదు, 14 సబ్జెక్టుల జాబితాలో ఏ మూడు చదివినా చాలు అంది. ఆ జాబితాలో బయాలజీ, వ్యవసాయం, బిజినెస్ స్టడీస్ లాంటివి కూడా ఉన్నాయి. దేశమంతా గోల. పునాది లేకుండా ఇల్లు కడతారా అని ప్రొఫెసర్లు అడిగారు. లెక్కలు చదవనివాళ్లకి బ్రిడ్జి కోర్సులు పెడతాం అని ఏఐసీటీఈ చెప్పింది. మరుసటి ఏడాదికల్లా ఆ వెసులుబాటు ఆర్కిటెక్చర్, ఫ్యాషన్ టెక్నాలజీ, ప్యాకేజింగ్ టెక్నాలజీ లాంటి కోర్సులకి కుదించుకుపోయింది.

నాకు ఇందులో కనిపించేది ఒకటే. తలుపు వెడల్పు చేయడం కాగితం మీద ఒక రోజు పని. లోపలికొచ్చిన పిల్లకి నేర్పడం ఏడాది పని, దానికి మాస్టారు కావాలి, గది కావాలి, డబ్బు కావాలి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే నష్టపోయేది మనలాంటి వాళ్లే.

రెండోది చేయడం కుదరదా అంటే, చేసి చూపించిన చోటు ఉంది. ఐఐటీలు. అక్కడ ఎస్టీలకి 7.5 శాతం సీట్లు. తగ్గించిన కటాఫ్‌తో కూడా సీట్లు నిండకపోతే, ఇంకొంచెం కింద ఉన్న ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని ప్రిపరేటరీ కోర్సుకి పిలుస్తారు. ఒక ఏడాది పాటు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ చెప్తారు. అది గట్టెక్కితే మళ్లీ జేఈఈ రాయకుండా మరుసటి ఏడాది మొదటి సంవత్సరంలో కూర్చోవచ్చు. అంటే దేశంలో అన్నిటికన్నా కష్టమైన ఇంజినీరింగ్ కాలేజీలే ఒప్పుకున్నాయి: పునాది లేకపోవడం పుట్టుక లోపం కాదు, ఒక ఏడాది పాఠం లోటు అని.

ఆ ఐఐటీల్లోనే రెండో ముఖం కూడా ఉంది. 2015లో ఐఐటీ రూర్కీ మొదటి ఏడాది గ్రేడ్లు తక్కువ వచ్చాయని 70 మందికి పైగా విద్యార్థుల్ని ఒక్కసారే బయటికి పంపింది. వాళ్లలో ఎక్కువమంది రిజర్వేషన్‌లో వచ్చినవాళ్లు. పెద్ద గొడవయ్యాక మళ్లీ చేర్చుకుని ఇంకో అవకాశం ఇచ్చారు. జేఈఈ లాంటి పరీక్ష దాటి వచ్చిన పిల్లలకే మొదటి ఏడాది అలా ఉంటే, ర్యాంకు ఎంతైనా పర్లేదు అని చేర్చుకునే చోట మన పిల్లల సంగతి ఆలోచించండి.

బీటెక్ ఒక్కటే దారి కాదు

ఇంజినీరింగ్ మీద మనసుంది, పునాది తక్కువ. అలాంటివాళ్లకి నెమ్మదిగా ఎక్కే మెట్లు ఉన్నాయి. ఇవి పదో తరగతి దగ్గరే తెలిస్తే మేలు.

ఒకటి పాలిటెక్నిక్. పదో తరగతి తరవాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా. శ్రీకాకుళంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమాలో కూడా లెక్కలు, ఫిజిక్స్ ఉంటాయి, కానీ పదో తరగతి దగ్గర్నుంచి మొదలై వర్క్‌షాపు, ల్యాబ్‌తో కలిసి నడుస్తాయి. అది అయ్యాక ఉద్యోగానికి వెళ్లొచ్చు, లేదా ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఈసెట్ 200 మార్కుల్లో 100 డిప్లొమాలో చదివిన బ్రాంచి సబ్జెక్టులే. లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. అంటే చేత్తో నేర్చుకున్నదానికి సగం విలువ ఉంది. మధ్యలో ఆగినా చేతిలో ఒక డిప్లొమా ఉంటుంది. బీటెక్ మధ్యలో ఆగితే చాలాసార్లు చేతిలో మిగిలేది ఇంటర్ సర్టిఫికెట్టే.

రెండు ట్రిపుల్ ఐటీ. ఎచ్చెర్ల దగ్గర ఎస్.ఎం.పురంలో 2016 నుంచి శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. పదో తరగతి మార్కులతో సీటు, ప్రభుత్వ బడి పిల్లలకి వెనకబాటు కింద కొన్ని మార్కులు కలుపుతారు. ఆరేళ్ల చదువు, మొదటి రెండేళ్లు ఇంటర్ స్థాయి పాఠాలే అక్కడే ఉంటూ చదువుతారు. పోటీ గట్టిగానే ఉంటుంది. అందుకే ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి నుంచే పిల్లలకి ఈ సంగతి చెప్పాలి.

మూడు, లెక్కలతో బీఎస్సీ. నిదానంగా మూడేళ్లు చదివి, ఈసెట్‌లో బీఎస్సీ మ్యాథమెటిక్స్ వాళ్లకున్న దారిలో బీటెక్ రెండో ఏడాదికి వెళ్లొచ్చు. ఈ దారి ఉందని డిగ్రీ కాలేజీల్లో చాలామందికి తెలియదు.

ఇంజినీరింగ్ వద్దనుకున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. నర్సింగ్, వ్యవసాయం, టీచర్ ట్రైనింగ్, ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఇవేవీ తక్కువ చదువులు కావు. కాకపోతే "మనకి టీచర్ ఉద్యోగం ఉండనే ఉంది" అన్న ధీమా పాతది. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పైగా టెక్కలి, మందస వైపు మన గూడేలు చాలావరకు షెడ్యూల్డ్ ఏరియాలోనే లేవు. అందుకే ఇంజినీరింగ్ తలుపు మూసుకోవడం మనకి అంత తేలికైన విషయం కాదు.

చేరాలని తేల్చుకున్నవాళ్లకి

ఈఏపీసెట్ మే నెలలో అయిపోతుంది. క్లాసులు మొదలవడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. ఆ సమయంలో మనోళ్లు జీడిపిక్కల బట్టీలకో, కూలి పనికో వెళ్తారు. ఇంటి పరిస్థితి నాకు తెలుసు. అయినా రోజుకి రెండు గంటలు దాచుకోండి. ఆ నెలల్లో ఈ నాలుగూ చూసుకుంటే మొదటి సెమిస్టర్‌లో నిలబడతారు: బీజగణితం సూక్ష్మీకరణలు, త్రికోణమితి, మాత్రికలు, అవకలనం–సమాకలనం. ఫిజిక్స్‌లో సదిశలు, బలాలు, విద్యుత్తు. ప్రతి పదానికీ తెలుగు, ఇంగ్లిష్ పక్కపక్కన రాసుకోండి. ఫోన్‌లో స్వయం, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా వస్తాయి.

కాలేజీలో మొదటి మూడు వారాలు ఇండక్షన్ ప్రోగ్రామ్ ఉంటుంది. అది తిరగడానికి ఇచ్చిన సెలవు అనుకోకండి. ఆ వారాల్లోనే లెక్కల సార్‌ని కలిసి "సార్, నాకు ఇక్కడిదాకే వచ్చు" అని చెప్పండి. చెప్పిన పిల్లకి సాయం దొరికే అవకాశం ఉంటుంది. దాచిన పిల్లకి దొరకదు. హాజరు పోగొట్టుకోకండి. మొదటి సెమిస్టర్‌లో ఏదైనా పోతే, రెండో సెమిస్టర్ కొత్త పాఠాల కన్నా ముందు దాన్ని చదవండి. మొదటి మిడ్ పరీక్షలో మార్కులు తక్కువొస్తే ఆ రోజే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. అమ్మానాన్నలకి కాల్‌క్యులస్ తెలియకపోవచ్చు, కానీ పిల్లవాడు కష్టంలో ఉన్నాడని తెలిస్తే ఎవర్ని అడగాలో వాళ్లకి తెలుస్తుంది.

తల్లిదండ్రులకి ఒక మాట: ఏ కాలేజీ మనిషి వచ్చినా ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతిలో పెట్టకండి. వెబ్ ఆప్షన్లు పిల్లల్నే పెట్టుకోనివ్వండి. వచ్చినాయన్ని ఒకే ప్రశ్న అడగండి: "నాలుగేళ్ల కిందట మీ దగ్గర చేరిన ఎస్టీ పిల్లలెందరు? వాళ్లలో సమయానికి పాసైనవాళ్లెందరు?" జవాబు చెప్పకపోతే అదే జవాబు.

మనం అడగాల్సింది

ఇదంతా పిల్లల మీదా, అమ్మానాన్నల మీదా పెట్టేసి చేతులు దులుపుకుంటే నేను ఈ పేజీలో రాయక్కర్లేదు. ఇక్కడ ప్రభుత్వం చేయాల్సిన పని ఉంది, మనం పోరాడి సాధించుకోవాల్సింది ఉంది.

మొదటిది, ఐఐటీల్లో ఉన్నట్టే రాష్ట్రంలోనూ ఎస్టీ విద్యార్థులకి ఒక ప్రిపరేటరీ ఏడాది. సీటు ఖాయంగా ఉంచి, ఒక ఏడాది లెక్కలు, ఫిజిక్స్, ఇంగ్లిష్ చెప్పి, తరవాత మొదటి సంవత్సరంలో కూర్చోబెట్టాలి. ఉత్తరాంధ్రకి విజయనగరంలో 2022లో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ మొదలుపెట్టొచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ ఏడాదికి కూడా వర్తించాలి. ఏడాది ఎక్కువైతే దండగ కదా అనేవాళ్లకి నా ప్రశ్న: బ్యాక్‌లాగులతో ఆరేళ్లు తిరిగి డిగ్రీ లేకుండా ఇంటికొచ్చే పిల్ల మీద పెట్టిన ఫీజు దండగ కాదా?

రెండోది, అది వచ్చేలోగా ప్రతి వేసవిలో సీతంపేట, టెక్కలి, పాతపట్నం లాంటి చోట్ల గిరిజన సంక్షేమ శాఖ రెండు నెలల బ్రిడ్జి తరగతులు నడపాలి. హాస్టళ్లు ఎలాగూ వేసవిలో ఖాళీగానే ఉంటాయి.

మూడోది, ఆశ్రమ పాఠశాలల్లో లెక్కలు, ఫిజిక్స్ టీచర్ పోస్టులు ఖాళీగా ఉంచకూడదు. ఏ బడిలో ఎన్ని రోజులు ఖాళీ ఉందో బోర్డు మీద రాసి పెట్టాలి.

నాలుగోది, ఎస్టీ పిల్లల పేరున ప్రభుత్వ డబ్బు తీసుకునే ప్రతి కాలేజీ వాళ్లలో ఎందరు పూర్తి చేశారో ఏటా చెప్పాలి. డబ్బు మనది, లెక్క అడిగే హక్కు మనది.

ఇంజినీరింగ్ గురించి ఇంత పట్టుదల ఎందుకు అని అడిగే పెద్దలున్నారు. మన చుట్టూ చూడండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస తీరాన్ని తాకినప్పుడు కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి, కొండ మీది ఊళ్లకి కరెంటు అందరికన్నా ఆఖర్న వచ్చింది. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపులైన్లతో నీళ్లు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబర్‌లో పలాసలో ప్రారంభించారు. మూలపేట దగ్గర పోర్టు కడుతున్నారు. లైను ఏ దారిన వెళ్లాలి, ట్యాంకు ఏ ఊళ్లో కట్టాలి, సర్వేలో ఏ కొండ పడాలి, ఇవన్నీ ఎవరో ఒక ఇంజినీరు గీసే గీతలు. ఆ డ్రాయింగు చదివి "ఇక్కడ మా ఊరుంది" అని చెప్పగలిగేవాళ్లు మనలో ఎందరున్నారు? సంతకం పెట్టే కుర్చీలో ఎందరున్నారు?

అందుకే అడుగుతున్నాను. ఈ వేసవిలో మీ గూడెంలో డిగ్రీ, బీటెక్ చదివినవాళ్లు ఒక్కరున్నా సాయంత్రం ఒక రచ్చబండ దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టండి. పదో తరగతి పుస్తకం, పదిహేను రోజులు. బల్బు లేకపోతే పంచాయతీని అడగండి. ఏ ఊళ్లో ఎందరు కూర్చున్నారో, వాళ్ల బళ్లో లెక్కల టీచర్ ఎన్నాళ్లు లేడో రాసి ఈ పేజీకి పంపండి. ఐటీడీఏకి ఇచ్చే వినతిపత్రంలో ఆ లెక్కలన్నీ జతచేస్తాం. ఊరికే "మా పిల్లలకి న్యాయం చేయండి" అంటే ఫైలులో పడుతుంది. ఊరి పేరు, బడి పేరు, ఖాళీ ఉన్న రోజులు రాసి ఇస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది.

జోహార్.